అక్క గడప తొక్కనని కారవాన్ ఎక్కాను

హైదరాబాదు నుంచి అంతర్వేది ఒక్కరోజు ప్రయాణం. పొద్దున్నే బయల్దేరిన వాళ్ళు సాయంత్రానికి సముద్రం ఒడ్డున నిలబడి మొక్కజొన్న పొత్తు తినొచ్చు. నాకు మాత్రం మూడు రోజులు పట్టింది. కోనసీమ చూడనివాళ్ళు ఎవరైనా ఇది చదివి దారి తెలుసుకుందామనుకుంటే ఇక్కడే ఆగిపోవడం మంచిది. నేను వెళ్ళిన దారిలో బుద్ధి ఉన్నవాళ్ళెవరూ వెళ్ళరు.

అంతర్వేదిలో మా అక్క కనకదుర్గ ఉంటుంది. నాకంటే పదేళ్ళు పెద్దది. అక్క కాపురానికి వెళ్ళేనాటికి నేను నాలుగో తరగతి. అప్పటినుంచి కాలేజీలో చేరేదాకా నా వేసవి సెలవులన్నీ ఆ ఇంట్లోనే గడిచాయి. ఈత నేర్చుకున్నదీ, సైకిలు తొక్కి కాలవలో పడ్డదీ, ముంజెలు లెక్కలేకుండా తిని కడుపు పట్టుకుని దొర్లిందీ అక్కడే. అలాంటి ఊరికి ఎనిమిదేళ్ళుగా వెళ్ళలేదు.

ఎందుకు వెళ్ళలేదో చెప్పాలంటే నా ఘనకార్యం చెప్పాలి. ఎనిమిదేళ్ళ కిందట మా పెద్దమ్మాయి పెళ్ళి చేశాం. మా ఇళ్ళల్లో ఆడపడుచును పెళ్ళికి పిలవాలంటే ఇంటికి వెళ్ళాలి, బొట్టు పెట్టాలి, చీర చేతిలో పెట్టి రమ్మని నోరారా అడగాలి. నాకు అప్పుడు ఆఫీసులో ఆడిట్ జరుగుతోంది. శుభలేఖను ఫోటో తీసి అక్కకు వాట్సాప్‌లో పంపాను. మర్యాద తక్కువ కాకూడదని కింద రెండు చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టాను. అక్క పెళ్ళికి రాలేదు. మూడో రోజున ఫోన్ చేసి, "నా కూతురి పెళ్ళికి రానిదానివి, నీ గడప ఈ జన్మలో తొక్కను" అన్నాను. "తొక్కకు" అని అక్క ఫోన్ పెట్టేసింది.

ఇప్పుడు చిన్నమ్మాయి లావణ్య పెళ్ళి కుదిరింది. అది చిన్నప్పుడు అత్త చేతి ముద్దలు తిన్న పిల్ల. "అత్త రాకపోతే నేను పీటల మీద కూర్చోను నాన్నా" అంది. కోపంగా అనలేదు. ఇంట్లో పంచదార అయిపోయిందని చెప్పినంత మామూలుగా అంది. అందుకే నాకు భయం వేసింది.

పిలవడానికి వెళ్ళాలి. గడప తొక్కకూడదు. వారం రోజులు ఆలోచించి, పడకా పొయ్యీ స్నానాల గదీ అన్నీ ఉన్న కారవాన్ ఒకటి అద్దెకు తీసుకున్నాను. రోజుకు పదకొండు వేలు. అక్క ఇంటి ముందు దాన్ని ఆపుకుంటే ఎన్నాళ్ళైనా ఉండొచ్చు, నా ప్రతిజ్ఞకు భంగం రాదు. ఈ పథకం మా ఆవిడ శారదకి చెప్పాను. "అంటే మన గడప మనమే మోసుకెళ్తున్నామన్నమాట" అని కుంకుమ భరిణె, పట్టుచీర సంచిలో సర్దింది.

ఆత్రేయపురం

కారవాన్ గురించి రెండు మాటలు. అందులో మంచాలు రెండు. ఒకదాని మీద పడుకుంటే కాళ్ళు పట్టవు, రెండోదాని మీద తల పట్టదు. స్నానాల గదిలో మనిషి ఉంటే బకెట్టు ఉండదు, బకెట్టు ఉంటే మనిషి బయటే. అది నడపడానికి లైసెన్సు నాది, ధైర్యం శారదది. మలుపు వచ్చినప్పుడల్లా ఆవిడ కిటికీలోంచి చెయ్యి ఊపుతూ వెనకవాళ్ళకి క్షమాపణలు చెబుతూ వచ్చింది.

రావులపాలెం నుంచి నేరుగా వెళ్ళాల్సింది పోయి బండిని ఆత్రేయపురం వైపు తిప్పాను. "ఇటెందుకు?" అంది శారద. "అక్కకి పూతరేకులంటే ఇష్టం కదా" అన్నాను. "మీకిష్టం" అంది. ఇద్దరం నిజమే చెప్పాం.

ఒక ఇంటి వరండాలో రామలక్ష్మిగారు అనే ఆవిడ రేకులు తీస్తున్నారు. పొయ్యి మీద కుండ బోర్లించి ఉంది. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి, వేడి కుండ మీద ఒక్కసారి అలా లాగుతారు. కళ్ళు మూసి తెరిచేలోగా కాగితంకన్నా పల్చటి రేకు లేచి వస్తుంది. ఆవిడ మాతో కబుర్లు చెబుతూనే, కుండవైపు చూడకుండానే తీసేస్తున్నారు. అది చూసి నాకూ సులువే అనిపించింది. అడిగి కూర్చున్నాను. మొదటి రేకు కుండకి అంటుకుపోయింది. రెండోది మూడు ముక్కలుగా వచ్చింది. మూడోదానికి రేకు రాలేదు గానీ వేలు కాలింది.

"మీవి బాగానే వచ్చేయండి," అన్నారు రామలక్ష్మిగారు నా చిరుగు పేలికలు ప్లేటులో పెడుతూ. "రుచికేముందండి, చిరిగినా అదే రుచి."

ఆ ముక్కలు పొయ్యిలో పడేసినా నాకు బాధ ఉండేది కాదు. ఆ మర్యాదకే చెవులు ఎర్రబడ్డాయి. నెయ్యీ బెల్లం పెట్టిన పది రేకుల పెట్టె రెండు వందలన్నారు. నేను పాడుచేసిన పిండికి గాను రెండు పెట్టెలు కొన్నాను.

హైదరాబాదులో కొత్తవాళ్ళు ఎదురైతే ఏం చేస్తుంటారని అడుగుతారు. ఇక్కడ అలా అడగరు. రామలక్ష్మిగారు డబ్బులు తీసుకుంటూ, "మీరెవరి తాలూకండీ?" అన్నారు. మనం ఏం ఉద్యోగం చేసినా వాళ్ళకి అక్కర్లేదు, ఎవరి మనుషులమో చెబితే చాలు. నా విషయంలో చెప్పాలంటే అక్క పేరు చెప్పాలి. ఎనిమిదేళ్ళుగా ఆ పేరు నోటితో పలకలేదు.

"అంతర్వేది కనకదుర్గమ్మగారి తమ్ముడినండి."

"ఆయ్! మా పెద్దమ్మాయిని అంతర్వేదే ఇచ్చేమండి. పిలవడానికి వెళ్తున్నారా? అయితే ఈ పూటకే చేరిపోతారు."

"ఆ, చేరిపోతామండి" అన్నాను. శారద నావైపు చూడకుండా పెట్టెలు సంచిలో పెట్టుకుంది.

కొత్తపేట

ఆ పూటకి కొత్తపేటలో ఆగాం. ఇంజను వేడెక్కిందని చెప్పాను. వేడెక్కింది నేను.

మర్నాడు పొద్దున్నే తలుపు కొట్టిన చప్పుడైంది. తీస్తే తెల్ల పంచెలో ఒక పెద్దాయన. వెనక ఇంకో నలుగురు పెద్దవాళ్ళు, అందరూ శుభ్రంగా స్నానాలు చేసి వచ్చారు. ఆయన నన్ను కొంచెం తోసుకుని లోపలికి వచ్చి నా మంచం మీద కూర్చుని, కళ్ళు పెద్దవి చేసి పైకి చూశారు.

"ఎడం కన్నండి," అన్నారు. "పొర వచ్చిందంటున్నారు. మీరు చూసి చెప్పండి."

కారవాన్‌ని కంటి పరీక్షల బండి అనుకున్నారు. నేను డాక్టర్ని కానని చెప్పాను. "పర్లేదండి, ఎవరు చూసినా ఒకటే" అన్నారాయన. ఎంత చెప్పినా మొహమాటపడుతున్నాననే అనుకున్నారు. చివరికి శారద వచ్చి ఆయన కన్ను చూసి, పొర ఉన్నట్టే ఉంది, అమలాపురం పెద్దాసుపత్రిలో చూపించుకోండి అని చెప్పింది. మిగతా నలుగురూ కూడా ఆవిడకే చూపించుకున్నారు. వెళ్తూ వెళ్తూ అందరూ నలభై దండాలు పెట్టి, రెండు కొబ్బరి గెలలు మెట్టు మీద పెట్టి పోయారు. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో నాకు ఎవరూ కొబ్బరికాయ తెచ్చివ్వలేదు.

బయల్దేరబోతే వీధిలో కేబుల్ వైర్లు కిందికి వేలాడుతూ బండికి అడ్డం పడ్డాయి. పొర వచ్చిన పెద్దాయనే ఎక్కణ్ణించో గెడ ఒకటి తెచ్చి, వైర్లు పైకి ఎత్తి పట్టుకుంటూ మా ముందు నడిచారు. వీధి వీధంతా అరుగుల మీదకొచ్చి చూసింది. దేవుడి ఊరేగింపుకి తప్ప ఎవరికీ జరగని మర్యాద అది. ఒకటే కన్ను కనిపించే మనిషి దారి చూపిస్తుంటే, రెండు కళ్ళూ ఉన్న నేను రెండు సార్లు బండిని గోడకి గీకించాను.

అంబాజీపేట

అంబాజీపేటలో ఆగడానికి నాకు కారణం అక్కర్లేకపోయింది. అక్కడ పొట్టిక్కలుంటాయి. పనసాకుల్ని పుల్లలతో బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఉడికిస్తారు. ఆకు విప్పితే వచ్చే వాసన చెప్పడానికి నాకు చేతకాదు, వెళ్ళి తినాల్సిందే. అల్లం చట్నీతో రెండు తిన్నాను. తర్వాత ఇంకో రెండు. తర్వాత శారద ప్లేటులోంచి ఒకటి.

"ఇవాళ వెళ్ళిపోతాం కదా?" అని అడిగింది శారద.

"కొబ్బరి మార్కెట్టు చూడొద్దూ?" అన్నాను. నా జీవితంలో కొబ్బరి ధర ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆ రోజంతా మార్కెట్లో తిరిగి లోపలే ఎండిన కురిడీకి, ఎండబెట్టిన ముక్కకి, పచ్చికాయకి తేడా తెలుసుకున్నాను. ఎదురుపడిన ప్రతి వ్యాపారినీ నాలుగు ప్రశ్నలు వేశాను. వాళ్ళు ఓపికగా చెప్పారు. నేను కాయలు కొననని వాళ్ళకి మొదటి ప్రశ్నకే తెలిసిపోయి ఉంటుంది.

మర్నాడు పొద్దున మళ్ళీ అదే హోటల్లో కూర్చుంటే యజమాని చట్నీ వడ్డిస్తూ అన్నాడు: "అంతర్వేది వెళ్ళే బండి మీదే కదండీ?"

"మీకెలా తెలుసు?"

"ఆయ్, చెప్పేరండి."

ఎవరు చెప్పారో ఆయన చెప్పలేదు. ఆ ఇడ్లీ ప్లేటులోనే వదిలేశాను. నేను రోజుకి పది మైళ్ళ చొప్పున దాక్కుంటూ వస్తుంటే, నా కబురు నాకంటే ముందే అక్కడికి చేరిపోతోందన్నమాట.

సఖినేటిపల్లి రేవు

రాజోలు దాటి సఖినేటిపల్లి చేరాక అంతర్వేది అరగంట దూరం కూడా లేదు. రోడ్డు పక్క బోర్డు మీద ఊరి పేరు, బాణం గుర్తు స్పష్టంగా ఉన్నాయి. నేను బాణం గుర్తు వదిలేసి నేరుగా రేవులోకి పోనిచ్చాను. అక్కడ వశిష్ఠ గోదావరి దాటించే పంటు ఒడ్డున ఆగి ఉంది. రెండు పడవల మీద బల్లలు పరిచి కట్టినది. మనుషులు, మోటారు సైకిళ్ళు, కార్లు, మేకలు అన్నీ కలిసి అవతల నరసాపురం వైపు దిగుతాయి.

"చిన్నప్పుడు బావగారితో కలిసి దీనిమీద సినిమాకి వెళ్ళేవాళ్ళం. ఒకసారి చూసి వెళ్దాం" అన్నాను. చూడడానికైతే బండి ఎక్కించక్కర్లేదని శారద అనలేదు. అనేలోపే ఎక్కించేశాను.

గోదావరి మధ్యలోకి వెళ్ళాక గాలి తగిలింది, కాస్త ప్రాణం లేచొచ్చింది. పక్కన గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన ఒకాయన అట్టపెట్టెలు పట్టుకుని నిలబడ్డాడు. మస్కట్‌లో ఎలక్ట్రీషియన్‌నని చెప్పాడు. "రెండేళ్ళకోసారి వస్తానండి. మా చెల్లెళ్ళు ముగ్గురు, ముగ్గురిళ్ళకీ వెళ్ళి తిరిగేసరికి సెలవు అయిపోతుందండి," అని నవ్వాడు. "వెళ్ళకపోతే ఊరుకోరండి."

ఆయనకి రెండేళ్ళకి నలభై రోజుల సెలవు. నేను రిటైరయ్యి రెండేళ్ళు. గోదావరి వైపు చూశాను.

నరసాపురం ఒడ్డున దిగాక శారద ఇంజను ఆపమంది. "ఇక్కణ్ణించి భీమవరం మీదుగా హైదరాబాదు దగ్గర. పొద్దుపోయేసరికి ఇంటికి చేరిపోతాం. చెప్పండి, వెళ్ళిపోదామా?"

ఎగతాళిగా అడిగి ఉంటే నేను ఏదో ఒక కుంటిసాకు చెప్పేవాడినే. ఆవిడ నిజంగానే అడిగింది. వెళ్ళిపోదామంటే సంచి తీసుకుని పక్కన కూర్చుంటుంది, లావణ్యకి ఏం చెప్పాలో నాకే వదిలేస్తుంది. నేను భయపడుతున్నానని అప్పుడు మొదటిసారి పైకి చెప్పాను. అక్క తిడుతుందని కాదు, అసలు మాట్లాడకపోతే ఏం చెయ్యాలో తెలియక.

"మాట్లాడకపోతే మీరు మాట్లాడండి" అంది శారద.

బండి తిప్పి మళ్ళీ పంటు ఎక్కించాను. టిక్కెట్టు కొట్టేవాడు నన్ను గుర్తుపట్టాడు. "ఇందాకే దిగేరు కదండీ. ఏమన్నా మర్చిపోయేరా?"

"ఆ," అన్నాను.

అంతర్వేది

అక్క వాళ్ళ వీధి మారలేదు. నేనే కాస్త వెడల్పయ్యాను, బండి ఇంకా వెడల్పు. రెండు పక్కలా కొబ్బరి మట్టలు కారవాన్ పైకప్పుని తుడుస్తుంటే గేటు ముందు ఆపాను. అక్క అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. జుట్టు సగం తెల్లబడింది. తలెత్తి బండిని చూసింది, మళ్ళీ చిక్కుడుకాయల్లోకి దిగింది.

శారద సంచి తీసుకుని లోపలికి వెళ్ళింది. నేను స్టీరింగు ముందే కూర్చున్నాను. కాసేపటికి బావగారు వచ్చారు. ఎవరితోనూ గొడవ పెట్టుకోని మనిషి, మా ఇద్దరి మధ్యా ఎనిమిదేళ్ళు నలిగిన మనిషి. "ఏం మూర్తీ, ఆత్రేయపురంలో రేకులు చింపేవంట" అని పలకరించి, లోపల ఏసీ వేయించుకుని, నా మంచం మీద పడుకుని, రెండు నిమిషాల్లో గుర్రుపెట్టారు.

తర్వాత అక్కే వచ్చింది. కారవాన్ మెట్టు కాస్త ఎత్తు. ఒక చేత్తో తలుపు పట్టుకుని, ఇంకో చెయ్యి మోకాలి మీద ఆనించి, ఆగి ఊపిరి తీసుకుని ఎక్కింది. మోకాళ్ళ నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయో నాకు తెలియదు. నాకు తెలియాల్సినవి చాలా తెలియలేదని అప్పుడు అర్థమైంది.

"నా గడప తొక్కనన్నది నువ్వు. నీ గడప తొక్కనని నేనెప్పుడూ అనలేదు," అని నా ఎదురుగా కూర్చుంది. పైన ఉన్న అలమర తెరిచి చూసి, మూడు నూడిల్స్ పొట్లాలు బయటికి తీసి మళ్ళీ లోపల పెట్టింది. "ఎంతరా దీనికి అద్దె?"

"పదకొండు వేలు."

"మొత్తానికా?"

"రోజుకి."

అక్క చెయ్యి చాచి ఏసీ ఆపేసింది. అంతకంటే పెద్ద తిట్టు లేదు. నేను హైదరాబాదు నుంచి తయారుచేసుకుని తెచ్చిన మాటలు మొదలుపెట్టాను. "అక్కా, లావణ్య పెళ్ళి మాఘమాసంలో. నువ్వూ బావగారూ..."

"ఆగు. బండిలో కూర్చోబెట్టి పిలవడానికి నేను దారిలో ఎదురైనదాన్నా? పెద్దదాని పెళ్ళప్పుడు ఏమైందో నీకు తెలుసా? తమ్ముడొస్తాడు పిలవడానికని వీధంతా చెప్పుకున్నాను. గుమ్మానికి పసుపు రాసేను. వారం రోజులు ఆ అరుగు మీదే కూర్చున్నాను. ఎదురింటి వరలక్ష్మిగారు రోజూ అడిగేవారు, మీ తమ్ముడు వచ్చేడా అమ్మా అని. ఆఖరికి నీ ఫోటో వచ్చింది. ఆవిడకేం చూపించనురా? ఫోన్ చూపించనా?" కొంగుతో మొహం తుడుచుకుంది. "కోపమొచ్చి మానలేదురా. సిగ్గేసి మానేసేను. పెళ్ళికి వెళ్తే ఎవరు పిలిచేరని అడుగుతారు కదా."

నాకు ఏడుపొచ్చింది. అరవై ఏళ్ళ మనిషిని, బావగారి గురక పక్కన కూర్చుని ఏడ్చాను. ఎనిమిదేళ్ళుగా అక్కది పొగరనుకున్నాను. పొగరు నాది, అక్కది అవమానం.

"కంద బచ్చలి చేసేను. చల్లారిపోతుంది" అని అక్క లేచి దిగి వెళ్ళిపోయింది.

వెనకే వెళ్ళాను. గడపకి పచ్చటి పసుపు రాసి ఉంది, ఆరి కూడా ఆరలేదు. దాటాను. ఇంత కాలం మోసుకొచ్చిన ప్రతిజ్ఞ ఒక్క అడుగుతో పోయింది, పోయినట్టు కూడా తెలియలేదు. శారద బొట్టు పెట్టింది. నేను చీర రెండు చేతులతో పట్టుకుని, "అక్కా, నా కూతురి పెళ్ళికి రా" అన్నాను. తయారుచేసుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తురాలేదు.

అక్క చీర తీసుకుని కళ్ళకద్దుకుంది. ఇంక ఆకు వేస్తుందనుకున్నాను. "శుభలేఖలు ఎన్ని తెచ్చేవు?" అంది.

"ఒకటి."

"సరిపోయింది. నోటితోనే పిలుద్దువుగాని, పద."

ఆ వీధిలో పధ్నాలుగు ఇళ్ళు. అక్క ముందు, కుంకుమ భరిణెతో శారద, వెనక నేను. ప్రతి గుమ్మంలోనూ అక్క ఒకే మాట చెప్పింది. "మా తమ్ముడండి. పిలవడానికి వచ్చేడు." చెప్పి పక్కకి తప్పుకునేది, నేను కనిపించేలా. మొదటి ఇంట్లో పెళ్ళి ఎప్పుడో చెప్పడం మర్చిపోయాను. అయిదో ఇంటికి వచ్చేసరికి అందరూ తప్పకుండా రావాలని అడుగుతున్నాను, నిజంగానే అడుగుతున్నాను. అందరూ "ఆయ్, తప్పకుండా అండి" అన్నారు. హైదరాబాదులో మూడొందల మందికి చెప్పిన భోజనాలు నాకు గుర్తొచ్చాయి. వీళ్ళు మాట తప్పే మనుషులు కారు.

పదమూడు ఇళ్ళు అయ్యాయి. వరలక్ష్మిగారి ఇంటికి తాళం ఉంది. మలికిపురం వెళ్ళారని, ఆటోలో వచ్చేస్తారని పక్కవాళ్ళు చెప్పారు.

"తర్వాత వద్దాం వదినా," అంది శారద. "మీరు పొద్దున్నించీ ఏమీ తినలేదు."

"ఆవిడ రావాలి" అని అక్క ఆ ఇంటి అరుగు మీద కూర్చుంది. మేమూ కూర్చున్నాం. గంట అయ్యింది. అవతల నుంచి బావగారు నిద్ర లేచి, అన్నం తినమని చేత్తో సైగ చేశారు. అక్క చూడనట్టు ఊరుకుంది. మోకాళ్ళు రాసుకుంటోంది గానీ లేవలేదు.

ఆటో వచ్చింది. వరలక్ష్మిగారు చేతిసంచితో దిగారు. వీధి సగం మూసేసిన కారవాన్‌ని చూశారు, తర్వాత తన అరుగు మీద వరసగా కూర్చున్న మమ్మల్ని. అక్క స్తంభం పట్టుకుని లేచి నిలబడింది.

"మా తమ్ముడండి," అంది. "పిలవడానికి వచ్చేడు."

వరలక్ష్మిగారు నన్ను పైనుంచి కిందికి చూశారు. "ఇప్పుడా అమ్మా రావడం?" అన్నారు.

తప్పు నాదేనని చెప్పడానికి నోరు తెరిచాను. అక్క నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"ఆ బండి చూడండి, ఎంతుందో," అంది. "మన రోడ్ల మీద పట్టొద్దూ? అందుకే ఆలస్యమైపోయిందండి."

వరలక్ష్మిగారు బండిని మరోసారి చూశారు. "ఆయ్, పెద్దదేనండి" అని, సంచి కింద పెట్టి, బొట్టు కోసం శారద ముందు తల వంచారు.